కల్యాణ మండపం, మా గేటు, ఒక అర్జీ: నా అనుభవం

ఆషాఢంలో మా వీధికి వచ్చి చూస్తే నేను చెప్పేదంతా అబద్ధమనుకుంటారు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఇళ్ళు, మధ్యలో రెండు కార్లు ఒత్తిగిల్లి తప్పుకునేంత తారు రోడ్డు. కుర్చీ వేసుకుని రోడ్డు మీదే పేపర్ చదువుకోవచ్చు. శ్రావణం వచ్చిందంటే కథ వేరు. వీధి మొదట్లో ఉన్న కల్యాణ మండపానికి వచ్చే కార్లన్నీ కాలువ గట్టు పొడవునా, మా గేట్ల ముందూ ఆగిపోతాయి. రాత్రి ముహూర్తమైతే తెల్లారేదాకా కదలవు.

మా నాన్నగారికి డయాలిసిస్. ఆసుపత్రిలో మొదటి షిఫ్టు కావడంతో చీకటితోనే బయల్దేరాలి. గేటు తీస్తే ఎదురుగా ఎవరిదో కారు, లోపల మనిషి లేడు. మండపంలోకి వెళ్ళి సన్నాయి వాళ్ళని ఆపించి మైకులో చెప్పించాలి. "తెల్ల కారు గలవారు దయచేసి..." అంటే సగం కార్లు తెల్లవే. ఇలా కొన్నిసార్లు అయ్యాక అర్జీ పెట్టాల్సిందే అనుకున్నాను.

వీధిలో సంతకాలు అడిగితే ఒక్కరూ పెట్టలేదు. తిట్టుకోవడం మాత్రం అందరూ తిట్టుకుంటారు. పక్కింటి బాబాయిగారు మొహమాటపడుతూ అసలు సంగతి చెప్పారు. "మా చిన్నదాని పెళ్ళికి అదే హాలు మాట్లాడుకున్నాం కదరా అబ్బాయ్, నేనెలా పెడతాను సంతకం?" అది న్యాయమే. డెల్టా ఊళ్ళలో మండపం యజమానితో తగువు పెట్టుకుంటే రేపు మన ఇంట్లో శుభకార్యానికి ఎక్కడికి పోతాం? చివరికి నా ఒక్కడి పేరుతోనే కదిలాను.

ముందు పోలీసులు. 112కి ఫోన్ చేస్తే కానిస్టేబుల్ గారు వచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. "పెళ్ళికొచ్చినోళ్ళకి చలానా రాస్తే ఏం బాగుంటుందండీ" అన్నారు. రోడ్డు మీద నో పార్కింగ్ బోర్డు లేదన్నది ఆయన రెండో మాట. నిజానికి ఒకరి ఇంటి ప్రవేశానికి అడ్డంగా బండి ఆపకూడదన్న నిబంధనకి బోర్డుతో పని లేదు. బండిని తీసుకెళ్ళడం వేరే విషయం. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం పది గంటలు అలా వదిలేసిన బండినైనా, పార్కింగ్ నిషేధించిన చోట ఆపిన బండినైనా తీయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. పెళ్ళి భోజనం పది గంటలు సాగదు. పైగా మా ఊళ్ళో బండిని లాగే క్రేన్ ఉండాలి కదా.

తర్వాత గట్టు సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి మా ప్రాంతంలో ఊళ్ళు కాలువల వెంటే పెరిగాయి, గట్లే రోడ్లయ్యాయి. దానివల్ల ఈ రోడ్డు ఎవరిదని అడిగితే ఒక్కో ఆఫీసులో ఒక్కో జవాబు. జలవనరుల శాఖ ఇంజనీరు గారు "గట్టు మాదేనండి, దాని మీద తారు మున్సిపాలిటీది. కార్లు ఆగేది తారు మీద కదా" అన్నారు. మున్సిపాలిటీలో "తారు మాదే, కార్లు పోలీసులవి" అన్నారు. కారు చక్రం కింద ఇన్ని శాఖలుంటాయని నాకప్పటిదాకా తెలియదు.

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాను. అక్కడ అర్జీకి నంబరు ఇస్తారు, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, 1100కి ఫోన్ చేసి ఎంతదాకా వచ్చిందో కనుక్కోవచ్చు. కాగితం చేతిలో పెట్టి దండం పెట్టి వచ్చే రోజులతో పోలిస్తే చాలా నయం. అర్జీ ఇచ్చింది జ్యేష్ఠంలో. పరిశీలనకు వచ్చింది ఆషాఢంలో! వచ్చినాయన అక్షాంశాలూ రేఖాంశాలూ పడే జీపీఎస్ కెమెరాతో ఖాళీ రోడ్డు ఫొటోలు తీసుకుని వెళ్ళారు. కొన్నాళ్ళకి అర్జీ పరిష్కారమైనట్టు మెసేజ్ వచ్చింది. సదరు ప్రదేశమును పరిశీలించగా ఎటువంటి వాహనములు నిలిపియుండలేదట. ఫొటోలో మా గేటు, దాని పక్కన పడుకున్న కుక్క చాలా స్పష్టంగా ఉన్నాయి.

నవ్వాలో ఏడవాలో తెలియక వార్డు సచివాలయానికి వెళ్ళాను. అక్కడి ప్లానింగ్ కార్యదర్శి కుర్రాడు, నా కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. "సార్, మీరు కార్ల మీద రాశారు. కార్లు సాయంత్రం వస్తాయి, పొద్దున్న పోతాయి. అసలవి లోపల ఎందుకు పెట్టుకోవట్లేదో దాని మీద రాయండి" అన్నాడు. ఇన్ని ఆఫీసుల్లో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే.

మాది కాస్త తవ్వితే నీళ్ళూరే నేల. అందుకని భూమి లోపల సెల్లార్ కట్టడం తక్కువ. స్తంభాల మీద భవనాన్ని లేపి కింద ఖాళీ ఉంచుతారు, జనం దాన్నే సెల్లార్ అంటారు. మా వీధి మండపానికీ అలాంటి సెల్లార్ ఉంది. అందులోనే భోజనాలు! వరసగా బల్లలు, ఓ మూల గోడ కట్టి గాడిపొయ్యి, గిన్నెలు కడిగే చోటు. నేనే ఎన్నో పెళ్ళిళ్ళలో అక్కడ కూర్చుని పనసపొట్టు కూర తిన్నాను. అది కార్ల చోటన్న ఆలోచన మా వీధిలో ఎవరికీ వచ్చినట్టు లేదు.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజుల గడువు చివర్లో జవాబు వచ్చింది. ప్లాన్ నకలు ఇవ్వలేదు, అది మూడో వ్యక్తికి సంబంధించిన సమాచారమన్నారు. అలా అంటారని సచివాలయం కుర్రాడు ముందే చెప్పడంతో, మంజూరైన ప్లాన్‌లో ఆ కింది అంతస్తును దేనికి చూపించారు అని విడిగా ఒక ప్రశ్న రాశాను. దానికి ఒకే మాట జవాబు: పార్కింగ్. ఇలాంటి దరఖాస్తు పెట్టేవాళ్ళు కాగితాల నకళ్ళు అడిగినా సరే, ఒక్క ముక్కలో జవాబు చెప్పక తప్పని ప్రశ్న ఒకటి పక్కన రాయండి.

ఆ జవాబు జత చేసి కమిషనర్ గారి పేరుతో కొత్త అర్జీ రాశాను. కార్ల ప్రస్తావన ఒక్క వాక్యమే. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం పార్కింగ్‌కి చూపించిన చోటును వేరే పనికి వాడితే దాన్ని తొలగించాల్సింది మున్సిపాలిటీయే. ఇక్కడ పోలీసులూ లేరు, జలవనరుల శాఖా లేదు. తపాల్ సెక్షన్‌లో ఇచ్చి నా కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను. ఫొటోలు కూడా ఈసారి నేనే జీపీఎస్ కెమెరాతో తీశాను, శ్రావణ మాసం మంచి ముహూర్తంలో. పరిశీలనకు వచ్చేవాళ్ళు మూఢంలో వచ్చినా ఫర్వాలేదు, గాడిపొయ్యి ఎక్కడికీ పోదు.

టౌన్ ప్లానింగ్ వాళ్ళు సంజాయిషీ అడుగుతూ నోటీసు ఇచ్చారు. ఆ సాయంత్రమే మండపం యజమాని మా ఇంటికి వచ్చాడు. ఆయన మా నాన్నగారి దగ్గర చదువుకున్నవాడే. "ఏవండీ మేష్టారూ, నాతో ఒక్క మాట అంటే సరిపోయేది కదండీ, కాగితాల దాకా ఎందుకండీ?" అని నాన్నగారి మంచం దగ్గర కూర్చున్నాడు. ఒక్క మాట కాదు, ఆయన మేనేజరుతో చాలా మాటలు అన్నాం. చెప్పిన ప్రతిసారీ ఆ ఒక్క పెళ్ళికీ మా గేటు ముందు తాడు కట్టారు, మరుసటి పెళ్ళికి తాడు ఉండదు. ఈ సంగతి నాన్నగారే నెమ్మదిగా చెప్పారు. అర్జీ వెనక్కి తీసుకోమని ఆయనా గట్టిగా అడగలేదు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళాడు.

సాగదీసి, మధ్యలో ఇంకో నోటీసు దాకా వెళ్ళాక గోడ కొట్టేశారు. వంట వెనక షెడ్డులోకి మారింది. సెల్లార్‌లో సగం భాగంలో ఇప్పుడు కార్లు పెడుతున్నారు. మిగతా సగంలో బల్లలు అలాగే ఉన్నాయి, "వర్షం వస్తే జనాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలండీ" అంటున్నారు. దాని మీద నా రెండో కాగితం టౌన్ ప్లానింగ్‌లో ఉంది. పెళ్ళి రోజుల్లో ఈలతో ఒక వాచ్‌మన్ మా గేట్ల దగ్గర నిలబడుతున్నాడు. డయాలిసిస్‌కి ఈ మధ్య ఆలస్యం కాలేదు.

గట్టు వైపు కార్లు ఇంకా ఆగుతూనే ఉన్నాయి. నో పార్కింగ్ బోర్డు పెట్టాలంటే పోలీసుల నుంచి ప్రతిపాదన రావాలట, మున్సిపాలిటీ పాతుతుందట, గట్టు మీద గుంట తవ్వడానికి జలవనరుల శాఖ ఒప్పుకోవాలట. మూడు చోట్లా అర్జీలు ఇచ్చి మూడు స్టాంపులూ వేయించాను. పక్కింటి బాబాయిగారి అమ్మాయి పెళ్ళి అయిపోయింది కాబట్టి ఈసారి ఆయన సంతకం కూడా ఉంది.