జీడిపువ్వుకి ఏ గాజు కావాలి

నా ఉద్యోగమంతా కెమిస్ట్రీ ల్యాబులకి గాజు ఊదడంలోనే గడిచింది. కండెన్సర్లు, స్టాప్‌కాక్‌లు, మూడు మెడల ఫ్లాస్కులు, వాక్యూమ్ లైన్లు. పీహెచ్‌డీ పిల్లలు కాగితమ్ముక్క మీద బొమ్మ గీసి తెచ్చేవారు. “మాస్టారూ, ఇక్కడో గొట్టం, ఇక్కడో మెలిక, రేపటికి అయిపోతే బాగుణ్ణండీ” అనేవారు. బొమ్మలో ఎలా ఉంటే అలా చేసి ఇచ్చేవాణ్ణి.

రిటైరై విజయనగరం వచ్చేశాక పెరట్లో రేకుల షెడ్డు వేసి, గాజు కరిగించే మంట టార్చి బిగించుకున్నాను. ఇక్కడ ఎవరూ కాగితం తేరు. ఏం చెయ్యాలో నేనే తేల్చుకోవాలి. అందుకని గాజుతో కళ చేసినవాళ్లు దేన్ని చూసి చేశారు, చూసినదాన్ని గాజులోకి ఎలా దింపారు అన్న ప్రశ్న పట్టుకుని కొన్నాళ్లుగా చదువుతున్నాను, వాళ్లు పనిచేసే వీడియోలు ఆపి ఆపి చూస్తున్నాను. నాకు తేలింది ఇది. కరిగిన గాజుకి సొంత గుణాలు కొన్ని ఉంటాయి. సాగుతుంది, జారుతుంది, తన బరువుకి తనే వంగుతుంది, వెలుతురుని లోపల పట్టుకుంటుంది. ఈ కళలో పెద్దవాళ్లంతా తాము ఇష్టపడ్డ వస్తువులో ఆ గుణాల్లో ఒకదాన్ని కనిపెట్టారు. రూపం పోలిక ఆ తరవాతే వచ్చింది.

అసలు స్టూడియోలో ఒక్క మనిషి కూర్చుని గాజు ఊదడమనేదే కొత్త సంగతి. అంతకుముందు గాజు అంటే ఫ్యాక్టరీయే. డిజైన్ గీసేవాడొకడు, ఊదేవాడొకడు. 1962 మార్చిలో అమెరికాలోని టొలీడో మ్యూజియం ఆవరణలో, ఒక గ్యారేజిలో, హార్వీ లిటిల్టన్ అనే కుండల మాస్టారు చిన్న కొలిమి కట్టి వర్క్‌షాపు పెట్టాడు. మొదట కలిపిన గాజు కుదరలేదు. అప్పుడు డొమినిక్ లబీనో అనే గాజు పరిశోధకుడు ఫైబర్‌గ్లాస్ తయారీకి వాడే గాజు గోళీలు తెచ్చి కరిగించమన్నాడు. అవి కరిగాయి. హార్వీ లీఫ్‌గ్రీన్ అనే రిటైరైన ఫ్యాక్టరీ పనివాడు వచ్చి గొట్టం పట్టుకుని ఎలా ఊదాలో చూపించాడు. ఇలా మొదలైన స్టూడియో గాజు ఉద్యమం గురించి రాసేవాళ్లు లిటిల్టన్ పేరు ముందు రాస్తారు, రాయాలి కూడా. నా మనసు మాత్రం ఆ ముసలి పనివాడి మీదే ఉంటుంది. ఆయన చెయ్యి చూపించకపోతే గోళీలు కరిగినా ఏం లాభం?

లిటిల్టన్ ఇంటి కథ ఇంకొకటి నాకు చాలా ఇష్టం. ఆయన తండ్రి జెస్సీ కార్నింగ్ కంపెనీలో భౌతికశాస్త్రవేత్త. 1913లో భార్య బెస్సీ వంటపాత్ర పగిలిపోయిందంటే, ఆయన బ్యాటరీ గాజు జాడీల అడుగుభాగం కోయించి ఇంటికి తెచ్చాడు. ఆవిడ అందులో కేకు చేసింది. గాజు పగల్లేదు. రెండేళ్లకి పైరెక్స్ గిన్నెలు బజారుకొచ్చాయి. నేను జీవితమంతా ఊదిన, వేడి తట్టుకునే బోరోసిలికేట్ గాజు ఆ వంశానిదే.

డేల్ చిహులీ పేరు గాజు అంటే తెలియనివాళ్లు కూడా విని ఉంటారు. 1976లో ఇంగ్లండులో కారు ప్రమాదంలో ఎడమకన్ను పోయింది. తరవాత భుజం కూడా దెబ్బతినడంతో ఊదడం మానేసి, బృందాన్ని నడిపిస్తూ పనిచేయించాడు. అందరూ ఆ పెద్ద పెద్ద షాండిలియర్ల గురించే చెబుతారు. నన్నడిగితే ఆయన చేసిన గొప్ప పని 1977 నాటి బుట్టలు. సొంతూరు టకోమాలోని చరిత్ర మ్యూజియంలో అక్కడి ఆదివాసులు అల్లిన పాత బుట్టలు చూశాడాయన. ఒకదానిమీద ఒకటి పేర్చి ఉండడంవల్ల బరువుకి సొట్టలు పడి, పక్కకి వాలిపోయి ఉన్నాయి. ఇంకొకరైతే అల్లిక చూసి, గాజులో అల్లిక గీతలు తేవడానికి తంటాలు పడేవారు. ఈయన ఆ వాలిపోవడం చూశాడు. ఊదిన గాజుని పల్చగా చేసి, వేడి ఎక్కించి, దాని మానాన దాన్ని వాలనిచ్చాడు. ల్యాబ్ పనిలో మేం దేన్నైతే రానివ్వకూడదని రాడ్డుని గిరగిరా తిప్పుతూ ఉంటామో, సరిగ్గా దాన్నే ఆయన పనిలోకి పిలిచాడు. ఆ బుట్టల ఫొటో మొదటిసారి చూసినప్పుడు నా వేళ్లు వాటంతటవే తిరగడం మొదలెట్టాయి, పడిపోతున్న గాజుని ఆపాలన్నట్టు.

టూట్స్ జిన్‌స్కీ అనే ఆవిడది వేరే దారి. ఆవిడ గాజుని పోగులుగా లాగి, రకరకాల రంగుల పోగులు వేలకి వేలు పక్కపక్కన పేర్చి, కొలిమిలో ఒకదానికొకటి అతుక్కుని పళ్లెంలా అయ్యేదాకా వేడి చేస్తుంది. వేడిగా ఉండగానే గ్లవ్స్ వేసుకుని చేత్తో ఆ పళ్లేన్ని నొక్కి అంచులు అలలు తిరిగేలా చేస్తుంది. 1980ల్లో ఘనా వెళ్లి అక్కడి సంగీతం రికార్డు చేసే పనిలో కొన్నాళ్లుంది. ఆవిడ రంగుల్లో ఆ దేశమూ పక్షుల ఈకలూ కనిపిస్తాయంటారు. నాకైతే ఆ పోగులు చూసినప్పుడల్లా పొందూరు గుర్తొస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వంద కౌంటు నూలు వడికే ఆడవాళ్లున్న ఊరు మనకి గంటన్నర దూరంలో ఉంది. పోగు గుణం తెలిసిన చేతులు మన దగ్గర ఇన్ని ఉన్నాయి. గాజు పోగుతో ఆ నూలు సన్నదనాన్ని పట్టే పని మనవాళ్లెవరైనా ఎత్తుకోవాలని నాకు గట్టిగా ఉంది.

చెక్ దేశంలో స్టానిస్లావ్ లిబెన్‌స్కీ, యారోస్లావా బ్రిఖ్తోవా అనే భార్యాభర్తలు ఊదడం జోలికే పోలేదు. ఆయన బొమ్మ గీస్తే, ఆవిడ మట్టిలో రూపం చేసి అచ్చు తీసేది. అందులో గాజు ముక్కలు వేసి కొలిమిలో కరిగించి, రోజుల తరబడి చల్లార్చేవారు. రంగు ఒక్కటే. పల్చటి చోట లేతగా, మందం ఉన్నచోట చిక్కగా ఉంటుంది. అంటే కుంచె పట్టకుండా మందంతోనే నీడలు వేశారన్నమాట. ఇటలీలోని మురానో దీవిలో పదకొండేళ్లకే కొలిమి దగ్గర చేరిన లీనో తాల్యాపియెత్రా, 1979లో అమెరికా వెళ్లి వాళ్ల దీవి రహస్యాలు విడమరిచి నేర్పాడు. అది నచ్చనివాళ్లు సొంతూళ్లో చాలామందే ఉన్నారు. ఆయన నేర్పకపోతే ఈ కళ సగం ఉండేది కాదు.

మన దేశంలో చూస్తే, బెంగాల్ పల్లెలో పుట్టి హైదరాబాదులో చాలాకాలం పనిచేసిన శిశిర్ సహానా గాజు శిల్పాలున్నాయి. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో కరిగిన గాజుని పొడుగాటి గొట్టంగా లాగి, తరిగి పూసలు చేసేవారు. ఈ పద్ధతిలో చేసిన పూసలు వందల ఏళ్ల కిందటే సముద్రం దాటి ఆగ్నేయాసియాదాకా వెళ్లాయి. గాజు మనకి పరాయిది కాదు.

ఇంతమందిలోనూ నాకు గురువులాంటివాడు పాల్ స్టాంకార్డ్. 1943లో పుట్టాడు. నాలాగే ల్యాబు గాజు ఊదేవాడు. దాదాపు పదేళ్లు ఆ పనే చేసి, 1970ల మొదట్లో మానేసి, పేపర్‌వెయిట్లలో పువ్వులు చెయ్యడం మొదలెట్టాడు. చదవడం కష్టమయ్యే డిస్‌లెక్సియా ఉందని చాలా పెద్దయ్యాక గానీ తెలీలేదు. పనిచేసుకుంటూ పుస్తకాలు క్యాసెట్లలో వినేవాడు. వాల్ట్ విట్‌మన్ కవిత్వమంటే ప్రాణం. ఆయన చేసినవి తోటల్లో పెంచే గులాబీలు కావు. న్యూజెర్సీలో దారిపక్కన పూసే అడవిపువ్వులు. వాటి మీద తేనెటీగ, కింద వేర్లు, ఆ వేళ్లలో జాగ్రత్తగా చూస్తే చిన్న చిన్న మనుషుల రూపాలు. ఫ్లాస్కు మెడ కొలతకి సరిపోయేలా చేసీ చేసీ అలవాటైన చెయ్యి, అదే కొలత బుద్ధితో ఒక కేసరాన్ని చేస్తే ఎలా ఉంటుందో ఆయన పనిలో చూడొచ్చు.

ఆయన కంటే ముందు జర్మనీలో లియోపోల్డ్, రుడాల్ఫ్ బ్లాష్కా అనే తండ్రీకొడుకులు హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం గాజుతో మొక్కలు చేశారు. 1887 నుంచి 1936 దాకా అదే పని. నాలుగువేలకి పైగా నమూనాలు. వాటి ఫొటోలు చూస్తుంటే ఒక దగ్గర ఆగిపోయాను. జీడిమామిడి కొమ్మ! మన పలాస పంట, గాజులో, ఎక్కడో అమెరికా మ్యూజియంలో.

మా అప్ప మందస దగ్గర ఉద్దానంలో ఉంటుంది. జీడితోటే వాళ్ల జీవనం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరీ జీడీ వేళ్లతో సహా పడిపోయాయి. ఇప్పుడు పూస్తున్నవి ఆ తరవాత నాటినవి. ఫొటో చూసిన రోజే అప్పకి ఫోన్ చేశాను, పూతకొమ్మ ఒకటి పంపమని.

“ఏ పువ్వు కావాలిరా నీకు?” అంది. “ఇయ్యాల ఇచ్చుకున్నదా, మొన్నటిదా? ఇచ్చుకున్నప్పుడు ఒకలాగుంటాది, రెండ్రోజులు పోతే ఎర్రగైపోతాది. ఏది సేస్తావో ముందు సెప్పు.”

“రెండూ ఒకే కొమ్మకి ఉంటాయా అప్పా?”

“ఉండవేటి? అన్నీ ఒక్కపాలే ఇచ్చుకుంటాయేటి?”

నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరకని మాట అది. అప్ప చెప్పింది ఆకారం గురించి కాదు, ఆ పువ్వు చేసే పని గురించి. అది ఎర్రబడుతుంది. గాజులో ఎర్రబడే గాజు ఒకటుంది. బంగారం పిసరంత కలిపిన రూబీ గాజు. దాన్ని కరిగించి చల్లార్చినప్పుడు రంగు దాదాపు ఉండదు. మళ్లీ వేడి చూపిస్తే లోపలున్న బంగారం కణాలు పెరిగి, గులాబీ రంగు, ఆపైన ఎరుపు తేలుతుంది. ఎంతసేపు మంటలో ఉంచితే అంత.

జీడిపువ్వు చిన్నది. ఐదు రెక్కలు సన్నగా పొడుగ్గా ఉండి, వెనక్కి చుట్టుకుంటాయి. వాటిమీద గులాబీ చారలు. కేసరాల్లో ఒక్కటి మాత్రం మిగతావాటికంటే పొడుగ్గా బయటికి వస్తుంది. పాలతెలుపు రాడ్డుని కరిగించి తీగలా లాగుతాను. దానిమీద వెంట్రుకంత రూబీ తీగ చారగా అతికిస్తాను. కొస వేడెక్కించి పటకారుతో చప్పున నొక్కి రెక్క చేస్తాను. డిడీమియం కళ్లద్దాలు పెట్టుకోవాలి, లేకపోతే కరిగే గాజులోని సోడియం పసుపు వెలుగులో ఏమీ కనపడదు. రెక్కని తలకిందులుగా పట్టి కొసకి మాత్రం సన్నని మంట చూపిస్తే దానంతటదే వెనక్కి వాలుతుంది. పటకారు అక్కర్లేదు. ఎక్కడ ఆపాలో తెలిస్తే చాలు.

గాజుల పొత్తు కూడా చూసుకోవాలి. మా మనవరాలు పగిలిన మట్టిగాజుల ముక్కలు పోగుచేసి తెస్తుంది, “తాతా, ఇవి కలపవా” అని. పాపం, కలవవు. వేడికి బోరోసిలికేట్ వ్యాకోచించే లెక్క 33 అయితే, గాజుల గాజుది 90 దరిదాపు. మంటలో అతుక్కుంటాయి, చల్లారేటప్పుడు విడిపోతాయి. తన ముక్కలన్నీ వేరే డబ్బాలో దాచాను, సోడా గాజుతోనే తనకి పూసలు చేసిపెడతాను. వాటిలో ఊదారంగు ముక్కలు కొన్ని ఉన్నాయి. ఊదా గాజుకి పాతకాలం నుంచి వాడేది మాంగనీసు. గరివిడి, చీపురుపల్లి వైపు 1890ల నుంచి తవ్వుతున్న ఖనిజమే అది. ఇనుము వల్ల గాజుకి వచ్చే పచ్చదనాన్ని కొంచెం మాంగనీసు పోగొడుతుంది, ఎక్కువేస్తే ఊదా చేస్తుంది.

పువ్వులన్నీ అయ్యాక ఒక్కోదాన్ని విడివిడిగా మళ్లీ మంట దగ్గరికి తీసుకెళ్లాను. కొన్నిటికి కాసేపు చూపించి తీసేశాను. కొన్నిటిని ఎరుపు చిక్కబడేదాకా ఉంచాను. కొన్నిటికి అసలు చూపించలేదు. తరవాత రెమ్మకి అతికించి, కొలిమిలో 560 డిగ్రీల దగ్గర నిలబెట్టి, రాత్రంతా మెల్లగా చల్లారనిచ్చాను. పొద్దున్న రెండు పోలరాయిడ్ రేకుల మధ్య పెట్టి చూస్తే, గాజులో ఒత్తిడి మిగిలితే కనిపించే రంగులు ఎక్కడా లేవు.

అప్ప సంక్రాంతికి వచ్చినప్పుడు కొమ్మ చేతికిచ్చాను. కళ్లద్దాలు సవరించుకుని, కిటికీ దగ్గరికెళ్లి, వేలు తగలనీకుండా ఒక్కొక్క పువ్వే చూపించింది. “ఇది ఇయ్యాలది. ఇది నిన్నటిది. ఇదిగో, ఇది రాలిపోద్దింక.” తరవాత కొమ్మ అడుగుదాకా చూసి, “మరి కాయేదిరా?” అంది.

కాయ ఇప్పుడు చేస్తున్నాను. పండు పైన, గింజ కింద వేలాడాలి కాబట్టి గాజుని బుడగలా ఊది, గొట్టం కిందికి వంచి, అడుగున ముద్దగా వదిలిన గాజు దాని బరువుకి అదే దిగేలా చూస్తున్నాను. పండు బాగానే వస్తోంది. గింజ వంపు దగ్గర గాజు మందం ఎక్కువై చల్లారడం ఆలస్యమవుతోంది, దానికి కొలిమి టైము మార్చాలి. గింజ బూడిదరంగుకి సరిపడే రాడ్డు ఢిల్లీ నుంచి రావాలి. ఉద్దానంలో కాపు దిగే ఏప్రిల్ లోపల అప్పకి పంపుతానని మాటిచ్చాను.