వారెన్ హిల్ దగ్గర కూలబడిన రోజు

మా అమ్మ రోజూ ఫోన్‌లో రెండే అడుగుతుంది. "తిన్నవా బిడ్డా? జాకెట్ ఏసుకున్నవా?" అప్పటికి నాకు తెల్లవారుజామున నాలుగున్నర, ఆమెకు పొద్దున పది. ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఆమె అడిగింది చలి జాకెట్ గురించి. ఇప్పుడు అడిగేది గుర్రమెక్కే ముందు వేసుకునే, పడితే దెబ్బ తగ్గించే ప్రొటెక్టర్ వెస్ట్ గురించి. మధ్యలో నా వెన్నులో ఒక పూస నలిగింది.

నేను ఉండేది న్యూమార్కెట్‌లో. చిన్న ఊరే, కానీ ఇక్కడ 3,000 దాకా రేసు గుర్రాలుంటాయి. పొద్దున్నే వరసగా రోడ్డు దాటుతుంటే కార్లు ఆగి దారిస్తాయి. నేను జాకీని కాను, వర్క్ రైడర్‌ని. అంటే రేసులో కాదు, రోజువారీ కసరత్తులో గుర్రాన్ని పరిగెత్తించేవాణ్ని. ఒక విడతలో బయటికెళ్లే గుర్రాల గుంపును ఇక్కడ లాట్ అంటారు. పొద్దున మూడు, ఒక్కోసారి నాలుగు లాట్లు ఎక్కుతాం. స్థానికంగా మనుషులు దొరక్క యార్డులు, అంటే రేసు గుర్రాలకు శిక్షణిచ్చే శాలలు, బయటి దేశాల నుంచి తెచ్చుకున్నాయి. మనవాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారు. హైదరాబాద్, పుణె, బెంగళూరు రేస్‌కోర్సుల్లో పని నేర్చుకున్నవాళ్లూ, రాజస్థాన్ కుర్రాళ్లూ కనిపిస్తారు.

నాది మలక్‌పేట. మా నాన్న రేస్‌కోర్సులో సైసు, అంటే గుర్రాలను చూసుకునేవాడు. గుర్రాల లద్దె వాసన, తడిసిన గడ్డి వాసన నాకు ఇంటి వాసన. పడటం కూడా అక్కడే నేర్చుకున్నాను. ఎవరైనా పడితే నలుగురు ఉరికొచ్చి చంకల్లో చేతులేసి లేపేవారు. మొహాన నీళ్లు కొట్టి, "కుఛ్ నై హువా, చల్" అని మళ్లీ గుర్రమెక్కించేవారు. వాళ్లది ప్రేమే. మా నాన్నతో పనిచేసిన పెద్ద రైడర్లలో సగం మంది నలభై దాటకముందే నడుం పట్టుకుని నడిచేవారు. అది ఈ పనికి మామూలేననుకున్నాం.

వచ్చిన మొదటి నెలలో వెస్ట్ కొనుక్కోవాల్సి వచ్చింది. కొత్తది వంద పౌండ్ల పైమాటే. మన లెక్కలో పదివేలు దాటుతుంది. ఇంటికి పంపాల్సిన డబ్బు కళ్ల ముందు కనబడింది. ఊరెళ్లిపోతున్న ఒక రైడర్ దగ్గర ఇరవై పౌండ్లకు పాతది తీసుకున్నాను. లోపలి చీటీ ఉతికి ఉతికి తెల్లబడింది. అది ఏ సంవత్సరానిదో, ఏ రక్షణ లెవెల్‌దో తెలిసే వీలు లేదు. నాకు ఒక సైజు పెద్దది. భుజాల దగ్గర వదులుగా ఉంటే, హాయిగానే ఉంది కదా అనుకున్నాను.

2022 నవంబరు, రెండో లాట్. గుర్రాలను కసరత్తుకు పరిగెత్తించే వారెన్ హిల్ గుట్ట ఎక్కించి, రెండేళ్ల ఆడగుర్రాన్ని నడిపిస్తూ వెనక్కి వస్తున్నాను. దౌడు అయిపోయింది, పగ్గాలు వదులు చేశాను. కంచెలోంచి ఒక ఫెసెంట్ పిట్ట రెక్కలు కొట్టుకుంటూ లేచింది. గుర్రం ఎడమవైపు గిర్రున తిరిగింది. నేను తిరగలేదు. పడేది మెరుపు వేగంలో ఉన్నప్పుడే కాదు, ఇట్లా నడిపిస్తూ ఏమరుపాటుగా ఉన్నప్పుడు కూడా. గుర్రం మీద కూర్చున్నవాడి తల నేల నుంచి ఎనిమిదడుగుల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి వచ్చి పిర్రల మీద కూలబడ్డాను. వెస్ట్ నా ఒంటి మీద ఉంది, కానీ దానికి దెబ్బే తగల్లేదు. పైకి జరిగి, దాని వెనకవైపు పై అంచు హెల్మెట్‌కు కొట్టుకుంది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. నడుములో మాత్రం ఏదో ముడి బిగుసుకున్నట్టయింది.

"ఓకే?" అని అడిగారు. "అయామ్ ఫైన్" అన్నాను.

ఆ రెండు మాటలు నా నోటికి ఎందుకంత తొందరగా వచ్చాయో తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఒకటి, మలక్‌పేట అలవాటు. రెండోది భయం. నా వీసా ఆ యజమాని పేరు మీద ఉంది. పడ్డవాడు, దెబ్బ తగిలినవాడు అన్న పేరొస్తే ఏమవుతుందో తెలియదు. చేరి ఏడు నెలలు కూడా కాలేదు. మూడో లాట్ కూడా ఎక్కాను. ప్రమాదాల పుస్తకంలో ఎవరూ రాయలేదు, రాయమని నేనూ అడగలేదు. గదికొచ్చి, అమ్మ సూట్‌కేసులో పెట్టిన అమృతాంజనం సీసా తీసి నడుముకు రాసుకున్నాను. విరిగిన ఎముక మీద ఆరు రోజులు అమృతాంజనం రాశాను. ఆరు రోజులూ గుర్రాలెక్కాను. ఏడో రోజు పొద్దున సాక్సు వేసుకోవడానికి వంగితే లేవలేకపోయాను.

ఆస్పత్రిలో ఎక్స్‌రే, తర్వాత సీటీ స్కాన్ తీశారు. నడుములో మొదటి పూస, ఎల్1. ముందువైపు నలిగి, తలుపు కదలకుండా కింద దోపే చెక్కముక్క ఆకారంలోకి వచ్చింది. గుర్రాల మీద నుంచి కూర్చున్నట్టుగా పడేవాళ్లకు ఛాతీ పూసలు అయిపోయి నడుం పూసలు మొదలయ్యే ఆ చోటే ఎక్కువగా నలుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. పైన పక్కటెముకలు పట్టి ఉంచిన భాగం గట్టిగా ఉంటుంది, కింద నడుం కదులుతుంది. బలమంతా ఆ రెండింటి మధ్య దిగుతుంది. నరాల తాడు దెబ్బతినలేదు. ఆమె నా రెండు పాదాల బొటనవేళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని, "ఏ వేలు? పైకా, కిందికా?" అని అడిగింది. సరిగ్గా చెప్పగలిగినందుకు నేను ఏడ్చేశాను.

"వెస్ట్ వేసుకున్నా ఇట్లా ఎందుకైంది?" అని అడిగాను. ఈ ప్రశ్న నాలాగే చాలామంది అడుగుతారు, అందుకే జవాబు వివరంగా రాస్తున్నాను. ఈ వెస్ట్ లోపల ఉండేది ఫోమ్ ముక్కలు. నేల తగిలినా, గిట్ట తగిలినా, ఆ దెబ్బను కొంత పీల్చుకుని మిగతాది వెడల్పుగా పరుస్తుంది. పక్కటెముకలు, వాటి వెనకున్న అవయవాలు, కండ, వీపు మీద నేరుగా పడే దెబ్బ, వీటికి అది నిజంగా కాపలా. పిర్రల మీద పడితే బలం కింది నుంచి పైకి, పూస మీద పూసగా ఎక్కుతుంది. వెన్ను మెలిపడినా, విల్లులా వంగినా అంతే. అక్కడ ఫోమ్‌కు పని లేదు.

అట్లాగని వెస్ట్ దండగ అనుకోకండి. మా యార్డులోనే ఒక అమ్మాయి పడ్డాక వెనకొచ్చే గుర్రం ఆమె ఛాతీ పక్కన తొక్కింది. ఆమె వెస్ట్ నేను చేతిలో పట్టుకుని చూశాను. ఫోమ్‌లో గిట్ట అంచు అర్ధచంద్రంలా దిగి ఉంది, నాడా మేకుల తలలు కూడా లెక్కపెట్టవచ్చు. నాలుగైదు వందల కిలోల జంతువు. ఆమెకు కమిలిన మచ్చలు మిగిలాయి, ఒక్క ఎముక విరగలేదు. ఆ గుంట అరగంటకు కూడా నిండలేదు. అలా నిండకపోతే ఆ ఫోమ్ పని అయిపోయినట్టే, వెస్ట్ మార్చాల్సిందే. ఆమె ఆ రోజే పక్కన పడేసి కొత్తది తెచ్చుకుంది.

ఇప్పుడు నా వెస్ట్ లోపల బీటా (ఇక్కడి గుర్రపు సామాన్ల వ్యాపార సంఘం) వాళ్ల నీలం చీటీ ఉంటుంది. 2018 ప్రమాణం, లెవెల్ 3, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ. లెవెల్ 1 పలచన, జాకీలు బరువు లెక్క కోసం వేసుకునేది. అంతకుముందు 2009 ప్రమాణంలో లెవెల్ 3 చీటీ ఊదా రంగులో ఉండేది. పాతది కొనేటప్పుడు చీటీ రంగు చూసినా కొంత తెలుస్తుంది. అసలు పాతది కొనకండి. అది ఎన్ని పడటాలు చూసిందో అమ్మేవాడు చెప్పడు. మూడు నుంచి అయిదేళ్లకు ఫోమ్ బలం తగ్గుతుంది. ఇక్కడి చలిలో ఇంకో సంగతుంది. ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి మనిషి ఆకారానికి సర్దుకుంటుంది. రాత్రంతా కారులో వదిలేస్తే పొద్దున చెక్కలా బిగుసుకుంటుంది. వేసుకున్నామంటే వేసుకున్నాం, ఒంటికి పట్టదు. నాది రాత్రి నా మంచం పక్క కుర్చీకి తగిలించి ఉంటుంది.

తొడిగేటప్పుడు ముందు భుజాల పట్టీలు, ఆ తర్వాత నడుం పట్టీలు. ముందువైపు అంచు చివరి పక్కటెముక కంటే కాస్త కిందికి రావాలి. జీను మీద కూర్చున్నాక వెనకవైపు కింది అంచుకీ జీనుకీ మధ్య అరచేయి వెడల్పు ఖాళీ ఉండాలి. తగిలితే పైకి నెట్టి మెడ దగ్గరికి తెస్తుంది, నాకు జరిగింది అదే. గాలితో ఉబ్బే వెస్టులు కూడా ఉన్నాయి. జీనుకు కట్టిన తాడు పడేటప్పుడు లాగుకుంటే గ్యాస్ డబ్బా తెరుచుకుని రెప్పపాటులో ఉబ్బుతాయి. క్రాస్‌కంట్రీ గుర్రపు పోటీల్లో వాటిని మామూలు వెస్ట్ పైన వేసుకుంటారు. మా పనిలో నేను వాడలేదు కాబట్టి వాటి గురించి ఇంతకంటే రాయను.

పన్నెండు వారాలు గుర్రమెక్కలేదు. నడుముకు బ్రేస్, గదిలో ఒక్కణ్నే. స్టేబుల్ మనుషులకు ఇక్కడ ప్రమాద పరిహార పథకం ఉంది, మామూలు సిక్ పే మీద అదనంగా ఇస్తారు. కానీ ప్రమాదం రాసి ఉండాలి కదా. నేను పడినప్పుడు వెనక ఉన్న ఇద్దరు రైడర్లు సాక్ష్యం రాసిచ్చారు. రేసింగ్ వెల్ఫేర్ అనే సంస్థ తరఫున ఒకావిడ వచ్చి కాగితాలన్నీ దగ్గరుండి నింపించింది. నెలలు పట్టింది. ఆ ఉదయమే రెండు వాక్యాలు రాసి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

ఫిజియోకు వెళ్లింది పీటర్ ఓసలివన్ హౌస్‌కు. 2019లో ఇంజర్డ్ జాకీస్ ఫండ్ వాళ్లు న్యూమార్కెట్‌లో తెరిచారు. ఆ ఫండ్ పుట్టింది 1964లో. అంతకు కొన్ని నెలల ముందే టిమ్ బ్రూక్‌షా, ప్యాడీ ఫారెల్ అనే ఇద్దరు జాకీలు లివర్‌పూల్ దగ్గరి ఏంట్రీ రేస్‌కోర్సులో పడి వెన్ను విరిగి, జాకీలుగా మళ్లీ రేసుల్లోకి రాలేకపోయారు. వాళ్ల కోసం మొదలైన చందా అది. నేను అక్కడ పరుపు మీద వెల్లకిలా పడుకుని ఒక్కో కాలు ఎత్తుతుంటే, పక్క పరుపు మీద పేరున్న జాకీ ఒకాయన నేను చేసే వ్యాయామమే చేస్తున్నాడు. "ఎల్1?" అని అడిగాడు. అవునన్నాను. "నాది టీ12" అన్నాడు. ఎల్1కి సరిగ్గా పైన ఉండే, ఛాతీ పూసల్లో ఆఖరిది. ఇద్దరం మళ్లీ కాళ్లెత్తడం మొదలుపెట్టాం.

పోయిన నెల మా యార్డుకు హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడొచ్చాడు. మూడోరోజే గేటు దగ్గర పడ్డాడు. నేను దిగి పరిగెత్తేసరికి లేవబోతున్నాడు. "లేవకు తమ్మీ, పడుకో. హెల్మెట్ తియ్యకు. ఎక్కడ నొస్తుందో చెప్పు" అన్నాను. "ఏం కాలేదన్నా, ఫైన్" అన్నాడు. "ఫైన్ తర్వాత. ముందు కాలివేళ్లు కదిలించు." వాడు నేల మీద అట్లాగే పడుకుని బూట్లలో వేళ్లు కదిలించాడు. భుజం కమిలింది, అంతే. ఆఫీసుకు తీసుకెళ్లి పుస్తకం తెరిచి, తేదీ, సమయం, గుర్రం పేరు వాడి చేతే రాయించాను. స్పెల్లింగులు తప్పుపోయాయి. పర్వాలేదన్నాను.

మర్నాడు చీకట్లో వాడి వెస్ట్ భుజాల పట్టీలు నేనే బిగించాను. ఊపిరాడట్లేదన్నాడు. కాసేపు నడువు, మెత్తబడుతుంది అన్నాను. ఎత్తి గుర్రమెక్కించాక వాడి వెనక జీను మీద అరచేయి పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. ఫస్ట్ లాట్ కదిలింది.