ఆరు వేల గది

2020 జూలైలో కరోనా వైద్యం ఖర్చుల కోసమే కరోనా కవచ్ అనే బీమా పాలసీలు వచ్చినప్పుడు, నాన్న పేరు మీద ఒకటి తీసుకోమని మా బావ ఫోన్ చేసి మరీ చెప్పాడు. నాన్నకు అప్పటికే మూడు లక్షల ఆరోగ్య బీమా ఉంది. ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా తప్పకుండా ప్రీమియం కడుతున్నాను. ఇంకొకటి ఎందుకు అనుకున్నాను. అయినా మనసు ఊరుకోక ఏజెంటును అడిగాను, మన పాలసీ కరోనాకు వర్తిస్తుందా అని. "నిక్షేపంగా వర్తిస్తుంది సార్, ఐఆర్‌డీఏఐ మార్చిలోనే చెప్పింది" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 మార్చి 4న ఇచ్చిన సర్క్యులర్‌లో, ఆసుపత్రి ఖర్చు భరించే పాలసీలు ఈ జబ్బుకూ వర్తించాలనీ, ఏ క్లెయిమునైనా కాదనే ముందు కమిటీ క్షుణ్ణంగా పరిశీలించాలనీ ఉంది. నేను అడగవలసిన ప్రశ్న అది కాదని తెలియడానికి మాత్రం పది నెలలు పట్టింది.

2021 మే. నాన్నకు జ్వరం వచ్చిన ఆరో రోజు రాత్రి ఆక్సిజన్ 89కి దిగింది. మూడు ఆసుపత్రుల గుమ్మాల దాకా వెళ్లి తిరిగి వచ్చాం. నాలుగో చోట ఒకే ఒక్క గది ఖాళీగా ఉంది, రోజుకు 6,000. నా వెనక ఇంకో కుటుంబం నిలబడి ఉంది. అలాంటప్పుడు పాలసీ బాండు తీసి గది అద్దె పరిమితి ఎంతో చూసుకునే మనిషి ఉంటే ఆయనకో దండం.

ఆ ఆసుపత్రి మా బీమా కంపెనీ నెట్‌వర్క్ జాబితాలోనే ఉంది, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్ వెసులుబాటు ఉండాలి. అయినా కౌంటరులో అమ్మాయి తల ఎత్తకుండానే "కరోనాకు క్యాష్‌లెస్ లేదండీ, అడ్వాన్సు కట్టండి" అంది. క్యాష్‌లెస్ కోరిన గంటలోగా కంపెనీ అవునో కాదో తేల్చాలని అంతకు కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ చివర్లో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. కానీ ఆ గంట లెక్క మొదలు కావాలంటే ముందు ఆసుపత్రి కాగితాలు పంపాలి కదా! క్యాష్‌లెస్ ఇవ్వలేమని రాసి ఇమ్మన్నాను, ఇవ్వలేదు. ఆ రాత్రే ఆ సంగతంతా కంపెనీకీ, దాని తరఫున క్లెయిములు పరిశీలించే టీపీఏకీ మెయిలు పెట్టాను. అడ్వాన్సు కట్టాను.

ఎనిమిది రోజుల తర్వాత నాన్న నడుచుకుంటూ బయటికి వచ్చారు. బిల్లు 2,42,000.

కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకునే రీయింబర్స్‌మెంటుకు ఫారం, బిల్లులు, మందుల చీటీలు, ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు అన్నీ పంపాను. మూడు వారాలకు టీపీఏ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "స్వల్ప లక్షణాలున్న రోగి ఇంట్లోనే వైద్యం పొందవచ్చు. ఆసుపత్రిలో చేర్చవలసిన అవసరం ఏమిటి?" ఒళ్లు మండిపోయింది. తర్వాత డిశ్చార్జి సమ్మరీ తీసి చూస్తే తప్పు అక్కడే కనిపించింది. ఇంటికి పంపిన రోజు ఆక్సిజన్ 97 అని రాశారు. చేర్చిన రోజు ఎంత ఉందో రాయలేదు. పైగా ఎవరి సమ్మరీలోంచి దించారో, "స్వల్ప లక్షణాలు" అని ఒక మాట. మేం సంతోషంగా చేతికి తీసుకున్న ఆ కాగితాన్ని ఒక్కసారి చదివి ఉంటే అక్కడికక్కడే దిద్దించేవాణ్ణి.

ఇక కేస్ షీటు కోసం మెడికల్ రికార్డుల విభాగం చుట్టూ తిరగడం మొదలైంది. మూడోసారికి ఇచ్చారు. అందులో నర్సులు చేత్తో రాసిన చార్టు ఉంది. ఎన్ని గంటలకు ఎంత ఆక్సిజన్ పెట్టారో, పెట్టక ముందు రీడింగు ఎంతో, అర్ధరాత్రి రెండింటికి కూడా వదలకుండా రాశారు. ఆ రద్దీలో కూడా రాసిన ఆ చేతులకు నేను రుణపడి ఉన్నాను. డాక్టరు గారి చేత చేర్చుకోవడానికి కారణం రాయించి, చార్టు నకలు జోడించి పంపాను. ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

డబ్బు వచ్చింది. 1,03,000.

లెక్క చూస్తే తల తిరిగింది. పీపీఈ కిట్లు, చేతి తొడుగులు, మాస్కులకు వేసిన 36,000 పూర్తిగా తీసేశారు. మిగిలిన 2,06,000ను సగానికి కోశారు. మా పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 3,000. మేం ఉన్నది 6,000 గదిలో. నేనైతే ఆ తేడా మూడు వేలు మన జేబులోంచి పోతుందనుకున్నాను. అది కాదు. గది ఖరీదు పెరిగితే డాక్టరు ఫీజు, నర్సింగు కూడా పెరుగుతాయి కాబట్టి వాటినీ అదే దామాషాలో తగ్గిస్తారు.

నాకు కోపమంతా పీపీఈ కిట్ల మీద. అవి చెల్లించని వస్తువుల జాబితాలో ఉన్నాయి, ఎంత అరిచినా లాభం లేదు. అసలు చోటు పట్టుకున్నది బావ. "గది మారితే మాత్ర ఖరీదు మారుతుందా? మందులెందుకు సగం చేశారు?" అన్నాడు. ఆ రాత్రి పాలసీ బాండు మొదటి పేజీ నుంచి చదివాను, కొన్నాక మొదటిసారి. 2021 ఏప్రిల్ నుంచి రెన్యువల్ అయిన పాలసీలకు కొత్త నియమం ఉంది: దామాషా కోత మందులకు, పరీక్షలకు, శరీరంలో అమర్చే పరికరాలకు వర్తించదు. మాది ఏప్రిల్ నెలాఖరులోనే రెన్యువల్ అయింది. మందులు 70,000, పరీక్షలు 34,000. అందులో సగం 52,000 మాకు రావాలి.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఒకే పేజీలో రాశాను. ఆవేశం లేకుండా, నియమం ఒక పక్క, అంకెలు ఒక పక్క. పదిహేను రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐఆర్‌డీఏఐ వారి ఆన్‌లైన్ ఫిర్యాదుల వ్యవస్థ ఐజీఎంఎస్‌లో నమోదు చేశాను. నెల దాటితే బీమా తగవులు తీర్చే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దామని అర్జీ కూడా సిద్ధం చేసుకున్నాను. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అంతదాకా రాలేదు. సెప్టెంబరులో 52,000 జమ అయింది, సంజాయిషీ ఒక్క ముక్క లేకుండా.

బావ వద్దన్నా వినకుండా కరోనా కవచ్ నియమాలు కూడా చదివాను. దానిలో గది అద్దెకు పరిమితి లేదు. పీపీఈ కిట్లు, చేతి తొడుగులు, మాస్కులు అన్నిటికీ డబ్బు ఇచ్చేవారట. ఆ కాగితం నాన్నకు చూపించలేదు. ఆయన మాత్రం ఆసుపత్రి బిల్లు అడిగి తీసుకుని, చేతి తొడుగుల లెక్క రెండుసార్లు కూడి, "ఎనిమిది రోజుల్లో నన్ను ఇంతమంది ముట్టుకున్నారా?" అని అడిగారు.