నీళ్లున్నా బోరు ఆపమంటారు

కెన్యా ఉత్తరాన సంబురు కౌంటీకి సోలార్ పంపుల పని మీద వచ్చే మనవాళ్లు ఇక్కడి పశుకాపరుల పెద్దల చేత మొదట తినే చివాట్లు ఒకటే: "వానలు పడ్డాయి కదా, ఇంకా మోటారెందుకు ఆడిస్తున్నావు? ఆపు." అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింటు చూపించుకుని, అప్పు చేసి బోరు మీద బోరు వేసే అనంతపురం వాళ్లం. బోరులో పడ్డ నీళ్లను ఆపమంటే ఒళ్లు మండదా?

ఇక్కడ లెక్క నీళ్లది కాదు, గడ్డిది. బోరు పన్నెండు నెలలూ ఆడితే మందలు దాని చుట్టూనే దిగిపోతాయి. ముందు తొట్టి చుట్టూ గడ్డి పోతుంది, ఆ బోడినేల ఏటేటా పెరుగుతుంది. చివరికి నీళ్లొక చోట, మేత ఇంకో చోట. ఆవులనైతే కాపరి తోలుకెళ్తాడు. ఇదే బీళ్లలో మేసే గ్రేవీ జీబ్రా (సన్న చారలుండే అడవి జీబ్రా జాతి) సంగతేంటి? మామూలప్పుడు ఐదు రోజులైనా నీళ్లు లేకుండా ఓర్చుకుంటుంది గానీ, పాలిచ్చే తల్లికి రోజుకో రెండ్రోజులకో నీళ్లు పడాల్సిందే. నడక దూరమైతే పిల్లలు దక్కవు. 1970ల చివర్లో 15,000 దాకా ఉన్న ఈ జాతి ఇప్పుడు 3,000కు అటూఇటూ మిగిలింది. అందులో నూటికి 90కి పైగా కెన్యాలోనే, అదీ ఎక్కువగా ఈ పశువుల బీళ్లలోనే.

అందుకే కుంటలు నిండగానే చాలాచోట్ల పెద్దల కమిటీ పంపుకు తాళం వేస్తుంది. మందలు దూరపు మేతకు పోతాయి, బోరు దగ్గరి గడ్డి ఎండాకాలానికి ఉంటుంది. అంతా మాట మీద నడిచే కట్టుబాటు. కరువులో పొరుగు మందలు తుపాకులతో వచ్చి పడితే ఆ తాళం నిలవదు.

తాళం తీశాక ఇంకో పని. పగలంతా తొట్టి దగ్గర పశువులే కాబట్టి జీబ్రాలు రాత్రిపూట వస్తాయి, సింహాలు కాపు కాసేదీ అప్పుడే. సాయంత్రం మందలు మళ్లాక తొట్టి నింపి వదలాలి, చుట్టూ ముళ్లకంప ఉంటే తీసెయ్యాలి. ఇసుకవాగు చెలమలకైతే కంప ఉండాల్సిందే, లేకపోతే జీబ్రా పిల్లలు లోపల పడతాయి. తొట్టి గోడ ఎత్తు తక్కువుండాలి, లోపల ఓ మూల రాళ్లు ఏటవాలుగా పేర్చాలి, పడ్డవి ఎక్కి రావడానికి. తొట్టి నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వ్ బయట కనిపిస్తే ఏనుగు పీకేస్తుంది, గుంతలో దించి సిమెంటు పలక మూయాలి. పైపు పైపైన పూడిస్తే తవ్వి పారేస్తుంది. మన దగ్గర కేబుల్ దొంగలకు భయపడి దాస్తాం, ఇక్కడ ఏనుగులకు.

ఇదంతా చూసి మనకు బుద్ధి లేదనుకోనక్కర్లేదు. చెరువులున్నప్పుడు మనకూ నీరటి ఉండేవాడు, తూము ఎప్పుడెత్తాలో అతనే చెప్పేవాడు. ఇక్కడ నేల ఉమ్మడిది, కెన్యా 2016 కమ్యూనిటీ భూముల చట్టం కూడా దాన్ని గుర్తించింది. ఇవాళ దాచిన గడ్డి రేపు తమ మందకే దక్కుతుందని వాళ్లకు నమ్మకం. అనంతపురంలో ఒకడు మోటారు ఆపాడనుకోండి, పక్క చేనులో ఇంకా లోతు దింపిన బోరు ఆ నీళ్లు కాస్తా లాగేసుకుంటుంది.