శ్రీకాళహస్తి కలంకారీని ఆన్‌లైన్‌లో అమ్మడం: నా అనుభవం

తిరుపతిలో ఇంట్లో కూర్చునే కలంకారీ దుపట్టాలు దేశమంతా అమ్మొచ్చని అందరూ చెబుతారు. నిజమే, నేను అమ్ముతున్నాను. కానీ ఆన్‌లైన్ కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోకుండా దిగితే మనకు ఏమీ మిగలదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నా.

ముందు జీఎస్టీ. 2023 అక్టోబరు నుంచి చిన్న వ్యాపారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా, ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చు. అయితే సొంత రాష్ట్రం లోపలే. కలంకారీ అడిగేవాళ్లు ఎక్కువగా బెంగళూరు, చెన్నైలలో ఉన్నారు కాబట్టి నాకు రిజిస్ట్రేషన్ తప్పలేదు. ఇల్లు మామగారి పేరు మీద ఉంది. కరెంటు బిల్లు, ఆయన సంతకంతో అనుమతి పత్రం పెట్టాం. టెన్షన్ పడింది ఆ తర్వాతే. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరాల్లో ఉండటంతో కంపెనీ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయింది. బ్యాంకులో పేరు సరిచేయించాకే కదిలింది. ఎవరైనా మొదలుపెట్టేముందు పాన్, బ్యాంకు, జీఎస్టీ మూడిట్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి.

విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ కంపెనీలు మన దేశంలో సొంత సరుకు పెట్టుకుని నేరుగా జనానికి అమ్మకూడదు. సంత నడిపేవాళ్లలా చోటు చూపించి రుసుము తీసుకోవాలి, అంతే. 2019 ఫిబ్రవరి 1 నుంచి ఈ నిబంధనలు ఇంకా బిగిశాయి. 2013లో మన దేశానికి వచ్చిన అమెజాన్‌కైనా, 2018లో వాల్‌మార్ట్ చేతికి వెళ్లిన ఫ్లిప్‌కార్ట్‌కైనా ఇదే వర్తిస్తుంది. అందుకే కమిషన్, ఆర్డరుకు ఇంత అని ఫీజు, డెలివరీ ఛార్జీ, ప్రకటనల ఖర్చు అన్నీ అమ్మేవాళ్ల లెక్కలో పడతాయి. వాటి మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. 2021లో మీషో కమిషన్ తీసేసినప్పుడు మా వీధిలో నైటీలు అమ్మే అక్క అటు వెళ్లింది, ఆమెకు బాగానే ఉంది. అక్కడ తక్కువ ధర సరుకే ఎక్కువగా కదులుతుంది కాబట్టి నేను వెళ్లలేదు.

ఇవి కాక కంపెనీ అమ్మకం మీద అర శాతం టీసీఎస్ (మనకు డబ్బు ఇచ్చేముందే పట్టుకునే జీఎస్టీ) తీసుకుని ప్రభుత్వానికి కడుతుంది. 2024 జులై దాకా అది ఒక శాతం. జీఎస్టీ పోర్టల్‌లో ఆ వివరాలు ఒప్పుకుంటే ఆ డబ్బు మన క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే జీఎస్టీ కట్టడానికి వాడుకునే ఖాతాలోకి వస్తుంది. మరిచిపోవద్దు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది బరువు దగ్గర. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. అసలు బరువు, ఈ లెక్క, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. దుపట్టా తూకం పావుకిలో చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని 30, 25, 10 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే కిలోన్నర కింద లెక్క. అదే దుపట్టాను పలుచగా మడిచి, లోపల అట్టముక్క పెట్టి, ఎత్తు మూడు సెంటీమీటర్లు దాటని కవర్లో పంపితే 450 గ్రాములే. అరకిలో స్లాబు లోపలే ఉంటాం. పెట్టె అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ కవర్ల లెక్క చూశాక పెట్టెల ఊసెత్తలేదు.

ఇక పోటీ. కలంకారీ అని వెతికితే మొదట వచ్చేవి మిషన్ మీద ప్రింటు వేసినవి, మూడు నాలుగు వందలకే. శ్రీకాళహస్తిలో నాకు వేసిచ్చే అన్నకు ఫోన్‌లో చూపించి, కొంచెం తగ్గిస్తారా అని అడిగాను. "ఎట్లమ్మా తగ్గించేది? కరక్కాయ కొనొద్దా, పాలు కొనొద్దా? ఇనుపముక్కలు బెల్లం నీళ్లలో ఊరితేనే కదా ఆ నలుపు వచ్చేది?" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయం. ధర తగ్గించే ఆలోచన అక్కడే మానుకున్నా. దానికి బదులు ఫొటోలు మార్చాను. వెనకవైపు రంగు ఎంతవరకు దిగిందో, కలం ఆగిన చోట గీత ఎలా లావైందో దగ్గర నుంచి తీసి పెట్టాను. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉందని కూడా రాశాను. ఆర్డర్లు పెద్దగా పెరగలేదు, కానీ రిటర్నులు తగ్గాయి. నాకు అదే ముఖ్యం, ఎందుకంటే రిటర్ను వస్తే రానుపోను ఖర్చు చాలాసార్లు మన మీదే పడుతుంది.

ఒక రిటర్ను మాత్రం బాగా బాధపెట్టింది. కవరు విప్పితే లోపల ఉన్నది మా దుపట్టా కాదు, ప్రింటుది. క్లెయిమ్ వేస్తే కంపెనీ మొదట తిరస్కరించింది. అదృష్టం కొద్దీ ప్యాకింగ్ చేసేటప్పుడూ, రిటర్ను విప్పేటప్పుడూ ఆర్డరు నంబరు కనిపించేలా వీడియో తీసిపెట్టుకునే అలవాటు ఉంది. ప్రతి ముక్క మూలలో అన్న వేసే చిన్న ఆకు గుర్తు ఆ వీడియోలో స్పష్టంగా ఉంది. వచ్చినదాని మీద లేదు. రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ అప్పీలు చేస్తే డబ్బు చాలావరకు వచ్చింది. దుపట్టా మాత్రం పోయింది.

కంపెనీ గోడౌన్‌లో సరుకు పెడితే డెలివరీ వేగంగా అవుతుంది, వెతికినప్పుడు పైన కనిపించే అవకాశమూ పెరుగుతుంది. కానీ వేరే రాష్ట్రంలోని గోడౌన్ అయితే ఆ రాష్ట్రంలోనూ జీఎస్టీ నంబరు తీసుకోవాలి, అమ్ముడుపోని సరుకుకు అద్దె కట్టాలి. నెలకు కొన్ని ముక్కలే వచ్చే చేతిపనికి అది గిట్టదు. దసరా సేల్‌లో చేరమని ఫోన్లు వస్తుంటాయి. చిన్న స్టోల్స్ మాత్రమే ఆ తగ్గింపులో పెడతాను, ఆ తగ్గింపు నా లాభంలోంచే ఇస్తాను. అన్నకు ఇచ్చే కూలి రేటు సేల్ ఉన్నా లేకున్నా ఒకటే.