34వ అంతస్తులో మూడున్నర సెకన్లు

టోక్యోలో నేను చేరిన ఆఫీసు 34వ అంతస్తులో ఉంది. మూడో వారంలోనే అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. భూకంప హెచ్చరిక! ముందు చిన్న కుదుపు, ఆ తర్వాత పడవలో ఉన్నట్టు మెల్లగా ఊగడం. నేను మెట్ల వైపు పరిగెత్తాను. మా సీనియర్ మాత్రం కిటికీ బ్లైండ్ల తాడునీ, చేతి వాచీనీ మార్చి మార్చి చూస్తున్నారు.

"మూడున్నర సెకన్లు. బాగానే ఉంది, వచ్చి కూర్చోండి" అన్నారు.

సిగ్గేసింది. నేను వచ్చిందే భవనాల ఊపును తగ్గించే డాంపర్లు తనిఖీ చేసే ఉద్యోగానికి. అంతస్తుల సంఖ్యను పదితో భాగిస్తే, భవనం ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే సెకన్లు సుమారుగా వస్తాయని చదువుకున్నవాణ్నే. నేల కదులుతుంటే ఆ లెక్క ఎవడికి గుర్తుంటుంది?

భూమిలోంచి వచ్చే నెమ్మది అలల లయ భవనం ఊగే ఆ సెకన్ల లెక్కతో కలిసిందంటేనే చిక్కు, ఊపు పెరిగిపోతుంది. 2011 మార్చి 11న భూకంప కేంద్రానికి 700 కిలోమీటర్లకు పైగా దూరాన, ఒసాకాలో 256 మీటర్ల ప్రభుత్వ భవనం దాదాపు పది నిమిషాలు ఊగింది. లిఫ్టుల్లో మనుషులు చిక్కుకుపోయారు.

దానికి విరుగుడు మరీ గట్టిగా కట్టడం కాదు, ఊపును తినేయడం. టోక్యోలోని షింజుకు మిత్సుయి భవనం పైకప్పు మీద 300 టన్నుల లోలకాలు ఆరు వేలాడదీశారు. పక్కనే ఉన్న షింజుకు సెంటర్ భవనంలో 288 ఆయిల్ డాంపర్లు బిగించారు. డాంపరంటే కారు షాక్ అబ్జార్బర్‌కు పెద్దన్న. పిస్టన్ ఆయిల్‌ను ఇరుకు సందులోంచి తోస్తుంది, ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. అంతే.

మా పనిలో మాత్రం ఇంత సైన్సేమీ కనబడదు. గోడ పలక ఊడదీసి, టార్చి నోట కరుచుకుని, పిస్టన్ రాడ్డును తెల్లగుడ్డతో తుడిచి చూడటమే. ఒకసారి గుడ్డకు లేత మరక అంటింది. దుమ్మేలే అనుకుని "లీకేజీ లేదు" అని రాసేశాను. సీనియర్ రిపోర్టు వెనక్కిచ్చి మళ్లీ పంపారు. 2018లో జపాన్‌లో డాంపర్ల పరీక్ష ఫలితాలే మార్చేసిన వ్యవహారం బయటపడింది. అప్పటి నుంచి ఆయన కాగితాన్ని నమ్మరు, గుడ్డనే నమ్ముతారు.

ఆ మరక బిగించినప్పటి గ్రీజని తేలింది. అయినా ఫోటో తీసి, తేదీ వేసి, రిపోర్టుకు జతచేయించారు.