వసారా గదిలో భోజనం

2019 జూన్‌లో మొదలైన సాయంకాలపు జ్వరాన్ని నేను చాలా రోజులు పట్టించుకోలేదు. దగ్గు తగ్గక, 54 కిలోల బరువు 46కు పడిపోయాక ఆగస్టులో ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకుంటే ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా నేను మా సంఘంలో సండే స్కూలు ఉపాధ్యాయుడిని.

ఇంట్లో నన్ను వసారా పక్క గదిలోకి మార్చి, కంచమూ గ్లాసూ వేరు చేశారు. నిజానికి క్షయ కంచాల వల్ల అంటదు. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలో కలిసే తుంపరల వల్ల అంటుతుంది. ఆసుపత్రిలో ఆ మాట చెప్పినా అమ్మ భయం పోలేదు. చిన్నతనంలో తన మేనమామ ఇదే జబ్బుతో పోవడం కళ్లారా చూసిన మనిషి. ఆమెను నేను తప్పుపట్టను. అయినా గడప దగ్గర కంచం పెట్టి ఆమె రెండడుగులు వెనక్కి వేసిన ప్రతిసారీ నాకు ముద్ద దిగేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం బైబిలులోని ప్రకటన గ్రంథం మూడవ అధ్యాయం తెరిచాను. "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను" అన్న వచనాన్ని నేను ఎంతమంది పిల్లల చేత కంఠస్థం చేయించానో లెక్కలేదు. ఇంకా నమ్మనివారిని పిలిచే మాటగానే దాన్ని బోధించాను. కానీ అది యేసు ప్రభువు లవొదికయ అనే నగరంలోని సంఘానికి, అంటే అప్పటికే విశ్వాసులైన వారికి, రాసిన మాట. క్రీ.శ. 60లో భూకంపం కూల్చిన తమ నగరాన్ని రోమా సాయం లేకుండానే తిరిగి కట్టుకున్న ఊరివాళ్లు గనుక, తమకేమీ కొదువ లేదని వాళ్లు అనుకోవడంలో వింత లేదు. ఇరవై ఏళ్ల సేవ చూసుకుని నేనూ అలాగే అనుకున్నాను. ప్రభువు మాత్రం తన సంఘపు తలుపు బయటే నిలబడి ఉన్నాడు.

తలుపు తీస్తే ఏం చేస్తానన్నాడు? "అతనితో నేనును, నాతోకూడ అతడును భోజనము చేయుదుము." నాతో కలిసి ఎవరూ తినని రోజుల్లో చదివిన మాట అది. బేతనియలో కుష్ఠరోగియైన సీమోను ఇంట ఆయన భోజనానికి కూర్చున్న సంగతి గుర్తొచ్చి, కంచం ముందు పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

అంతవరకు నా ప్రార్థన అంతా ఇతరుల అవసరాల విన్నపమే. ఆ రోజు నుంచి తింటూ ఆయనతో మాట్లాడడం మొదలుపెట్టాను: మాత్రలకు కడుపులో తిప్పుతోందని, రిఫాంపిసిన్ అనే క్షయ మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయానని, అమ్మ మీద కోపంగా ఉందని. కొన్ని రోజులు మాటే వచ్చేది కాదు. ఆయన ఎదుట ఊరకే తినేవాడిని.

విశ్వాసం ఉంటే మాత్రలెందుకని ఒకరు అడిగారు. మధ్యలో మానేస్తే క్రిములు మందుకు లొంగకుండా పోతాయని చెప్పి, అలాంటి మాట ఇంకెవరితోనూ అనవద్దని ఆ మనిషిని బతిమాలాను. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు రోజుకు మూడు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు కలిసినవి, ఒక్క రోజూ తప్పకుండా వేసుకున్నాను. 2020 ఫిబ్రవరిలో చికిత్స ముగిసింది.

అంతకుముందే, మందులు మొదలై రెండు నెలలు నిండాక, 2019 అక్టోబరులో చేసిన పరీక్షలో తెమడలో క్రిములు కనిపించలేదు. ఆ రాత్రి అమ్మ తన కంచం కూడా తెచ్చుకుని, గడప దాటి వచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "ప్రార్థన చెయ్యి నాన్నా, అన్నం చల్లారిపోతుంది" అంది.